చీరలు అమ్మే వీడియో ఎంత నిడివి ఉండాలి?

మీది పోచంపల్లి ప్రాంతంలో ఇక్కత్ చీరలు నేసే కుటుంబమనీ, అమ్మానాన్నలు మగ్గం పని చూసుకుంటుంటే అమ్మకాలు మీరు ఫోన్‌లో చూసుకుంటున్నారనీ రాశారు. దారానికి చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట్ల కట్టు బిగించడం) మొదలు చీర మగ్గం మీద నుంచి దిగేదాకా నాలుగు నిమిషాల వీడియో ఒకటి తీసి, దాన్నే యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెడితే ఎక్కడా జనం నిలిచి చూడలేదన్నారు. పదిహేను సెకన్లు దాటకూడదని ఒకరు, ఎనిమిది నిమిషాలు దాటితేనే డబ్బులు వస్తాయని మరొకరు చెప్పడంతో ఎటూ తేల్చుకోలేకపోతున్నానని అడిగారు. ఆ ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉన్నా, ఆ రెండు అంకెలూ మీకు పనికొచ్చే జవాబు కావు. ఆ వీడియో చూసిన మనిషి తర్వాత ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారో ముందు తేల్చుకుంటే, ఎంతసేపు చూపించాలన్నది దాన్ని బట్టే తేలుతుంది. మీ నాలుగు నిమిషాల వీడియోలో ఇబ్బంది దాని పొడవు కాదు. ముగ్గురు వేర్వేరు మనుషులకు చెప్పాల్సిన మూడు సంగతులు అందులో ఒకేచోట చేరాయి.

మీకు చెప్పిన అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఇన్‌స్టాగ్రామ్ 2013లో మొదటిసారి వీడియోలను అనుమతించినప్పుడు వాటి నిడివి 15 సెకన్లే. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించాక కొద్ది రోజుల్లోనే ఇక్కడికి వచ్చిన రీల్స్ కూడా 15 సెకన్లతోనే మొదలైంది. ఆ తర్వాత అది 30కి, 2021లో 60కి, 2022లో 90 సెకన్లకు పెరిగి 2025 జనవరిలో 3 నిమిషాలకు చేరింది. యూట్యూబ్ షార్ట్స్ చాలాకాలం 60 సెకన్ల దగ్గరే ఉండి, 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాలయింది. వాట్సాప్ స్టేటస్ 30 సెకన్ల నుంచి నిమిషానికీ, ఆ పైకీ పెరిగింది. ఇక ఫేస్‌బుక్ అయితే 2025 జూన్‌లో తన వీడియోలన్నింటినీ రీల్స్‌గానే చూపిస్తామనీ, వాటికి నిడివి పరిమితి ఉండదనీ ప్రకటించింది. ఇంత తరచుగా మారే పరిమితులను పట్టుకుని వీడియో పొడవు నిర్ణయించుకుంటే, అవి మారినప్పుడల్లా మనమూ మారాల్సి వస్తుంది. పైగా ఆ పరిమితి చెప్పేది ఎంతవరకు అనుమతి ఉందన్నదే. అంతసేపూ చూపించితీరాలని ఎవరూ అనలేదు.

ఎనిమిది నిమిషాల మాట యూట్యూబ్ ప్రకటనల నుంచి వచ్చింది. వీడియో మధ్యలో ప్రకటనలు రావాలంటే అది కనీసం 10 నిమిషాలు ఉండాలన్న నియమాన్ని 2020 జూలైలో 8 నిమిషాలకు తగ్గించారు. అయితే ఆ ప్రకటనల ఆదాయంలో వాటా మీకు రావాలంటే ముందుగా 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు గానీ ఉండాలి. మీరు బతికేది చీర అమ్మి. ఒక పట్టు ఇక్కత్ అమ్ముడైతే ఇంటికి వచ్చే డబ్బు ముందు, చిన్న ఛానల్‌కు ప్రకటనల మీద వచ్చేది లెక్కలోకి రాదు. ఆ కొద్దిపాటి ఆదాయం కోసం మూడు నిమిషాల్లో అయిపోయే సంగతిని ఎనిమిది నిమిషాలకు సాగదీస్తే, చీర కొనడానికి సిద్ధంగా ఉన్న మనిషి మధ్యలోనే వెళ్లిపోతుంది. మీలాంటివారికి ఈ సలహా ఇవ్వడం నాకు బొత్తిగా నచ్చదు.

ఇక్కడే మీరు జాగ్రత్తపడాల్సిన సంగతి మరొకటి ఉంది. ఇప్పుడు యూట్యూబ్‌లో నిలువుగా గానీ చతురస్రంగా గానీ తీసిన, 3 నిమిషాల లోపు వీడియో దానంతటదే షార్ట్స్‌లోకి వెళ్లిపోతుంది. షార్ట్స్ వరుసలో జనం చూసిన సమయం, పైన చెప్పిన 4,000 గంటల లెక్కలోకి రాదు. కాబట్టి వెతుక్కుంటూ వచ్చినవారు తీరికగా చూడాలని మీరు తీసే రెండున్నర నిమిషాల వీడియో మామూలు వీడియోగానే ఉండాలనుకుంటే ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని తీయండి. అలాగే నిమిషం దాటిన షార్ట్‌లో, హక్కుదారులు తమదని కోరే పాట ఉంటే ఆ వీడియోను నిలిపివేస్తామన్న నియమం కూడా ఈ 3 నిమిషాల పరిమితితో పాటే వచ్చింది. సినిమా పాట పెట్టి నిడివి పెంచితే అసలుకే మోసం వస్తుంది. మగ్గం చప్పుడు మీ ఇంట్లోనే ఉంది కదా, అంతకంటే మంచి నేపథ్యం మీకు దొరకదు.

ఈ వేదికలు ఒక వీడియోను మరికొందరికి చూపించాలా వద్దా అన్నది ఎలా తేల్చుకుంటాయో తెలిస్తే తక్కిన విషయం అర్థమవుతుంది. యూట్యూబ్ 2012లోనే కేవలం క్లిక్‌ల లెక్కను వదిలి, ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో, తాము ముఖ్యంగా చూసేవి వీక్షణ సమయం, లైకులు, ఒకరి నుంచి ఒకరికి పంపుకోవడం అని చెబుతూ, మిమ్మల్ని అనుసరించని కొత్తవారికి చేరే విషయంలో ఆ పంపుకోవడానికి ఎక్కువ విలువ ఉంటుందని వివరించారు. మీరు చూసుకోవాల్సిన కొలతలు రెండు: సగటున ఎన్ని సెకన్లు చూశారు, అది మొత్తం వీడియోలో ఎంత శాతం. ముప్పై సెకన్ల వీడియోను సగటున 24 సెకన్లు చూస్తే 80 శాతం, తొంభై సెకన్ల వీడియోను 45 సెకన్లు చూస్తే 50 శాతం. శాతం ప్రకారం మొదటిదే మేలు, సమయం ప్రకారం రెండోదే మేలు. శాతాన్నే నమ్ముకున్నవారు వీడియోను కోసి కోసి ఏమీ మిగలకుండా చేస్తారు, సమయాన్నే నమ్ముకున్నవారు సాగదీస్తారు. రెండూ ఒకచోట పెట్టుకుని చూస్తేనే ఆ వీడియోకు ఎంత నిడివి తగునో తెలుస్తుంది.

వీక్షణల సంఖ్య ఒక్కటే చూసి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌లో వీడియో ఆడటం మొదలైతే చాలు, ఎంత తక్కువసేపు చూసినా, ఒక వీక్షణ కింద లెక్కవేస్తున్నారు. మీ సంఖ్య పదివేలు చూపిస్తున్నా, అందులో ఆగి చూసినవారు ఎందరు, వేలితో పైకి జరిపేసినవారు ఎందరు అన్నది, ఛానల్ నడిపేవారికి లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియోలో విడిగా చూడాలి.

ఇక మీ వీడియోల సంగతికి వద్దాం. మీ ఊరి పేరైనా వినని మనిషి రాత్రి భోజనం చేశాక ఫోన్ చూస్తూ ఉంటుంది. ఆమెను ఆపడం ఒక పని. ఆగిన మనిషికి చీర గురించి ఏమీ నేర్పక్కర్లేదు, ఒక్క వింత చూపిస్తే చాలు. మీ పనిలో అలాంటి వింత చిటికి కట్లు విప్పే క్షణంలో ఉంది. రంగులోంచి తీసి ఆరబెట్టిన నూలు చిలపకు బిగించిన రబ్బరు పట్టీని మీ అమ్మగారు కోసి లాగగానే, ముదురు ఎరుపు మధ్య రంగు అంటని తెల్లని మచ్చ బయటపడుతుంది. మొదటి సెకనులోనే కెమెరా ఆ చేతివేళ్ల దగ్గర ఉండాలి. కట్టు విప్పడం, తెల్ల మచ్చ కనబడటం, అదే దారం మగ్గం మీద పేకగా (అడ్డదారంగా) పడి వజ్రం ఆకారంలో కుదరడం, పూర్తయిన కొంగు. ఈ నాలుగు దృశ్యాలకు 20 నుంచి 30 సెకన్లు సరిపోతాయి. ఇందులో ధర చెప్పకండి, కుటుంబ చరిత్ర చెప్పకండి, పరిచయం కూడా అక్కర్లేదు. ఈ వీడియో చూసిన మనిషి చేయాల్సింది ఒక్కటే, మీ పేజీ తెరిచి మరొకటి చూడటమో, అక్కచెల్లెళ్లకు పంపడమో. పదిహేను సెకన్ల సలహాలో నిజం ఉన్నది ఈ ఒక్క రకం వీడియో విషయంలోనే. అయినా పదిహేనే కావాలని పట్టుబట్టి, ఆ తెల్ల మచ్చను కంటికి ఆనకముందే మార్చేస్తే ప్రయోజనం పోతుంది.

కొనాలనుకుంటున్న మనిషి సంగతి పూర్తిగా వేరు. ఆమె ఈపాటికే ఆగింది, మీ వాట్సాప్ నంబరుకు "ఈ చీర ఉందా అండీ" అని పంపింది. హైదరాబాద్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఆమె సందేహాలు ఒకటే. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా, కొంగు ఎంత పొడవు, అంచు ఎంత వెడల్పు, జాకెట్టు ముక్క ఉందా, ఉంటే ఏ రంగు, ఇది నిజంగా నేసినదా లేక ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన బట్టా. ఈ సందేహాలన్నీ తీర్చడానికి ఎంతసేపు పడితే అంతే మీ వీడియో నిడివి. సాధారణంగా ఒక్కో చీరకు 40 నుంచి 70 సెకన్ల మధ్య తేలుతుంది. పగటి వెలుతురులో కిటికీ పక్కన చీర పరిచి కొంగుతో మొదలుపెట్టండి. అంచు మీద చెయ్యి పెట్టి చూపిస్తే వెడల్పు అర్థమవుతుంది. ఆ తర్వాత బట్టను ఒక మడత తిప్పి వెనకవైపు చూపించండి. ఇక్కత్‌లో నేయకముందే దారానికి రంగు పడుతుంది కనుక వెనకవైపు కూడా ఆ డిజైన్ దాదాపు అంతే నిండుగా ఉంటుంది, పైన అచ్చు వేసిన బట్టకు వెనక వెలిసినట్టు ఉంటుంది. ఈ తిప్పే దృశ్యాన్ని నాలుగైదు సెకన్లు కదపకుండా ఉంచండి. దగ్గరగా చూస్తే ఆకారాల అంచుల్లో కనిపించే ఆ సన్నని చెదురు కూడా తెలియాలి, ఎందుకంటే చేత్తో కట్టిన పనికి అదే గుర్తు. అచ్చు బట్టను పోచంపల్లి పేరుతో అమ్ముతున్నవారి వల్ల మీ కుటుంబాలు ఎంత నష్టపోతున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నాలుగైదు సెకన్లు మీ వీడియోలో అన్నిటికంటే విలువైనవి, నిడివి తగ్గించాలన్న తొందరలో వాటిని మాత్రం కోయకండి.

ఈ చీర వీడియోలు ఎక్కువమందికి చేరకపోయినా బాధపడనవసరం లేదు. యాభైమంది చూసి ముగ్గురు కొంటే అది మంచి వీడియోనే. స్టేటస్‌లో పెట్టేటప్పుడు ఒకే నిడివైన వీడియో కంటే చీరకొక ముక్క చొప్పున వేరువేరుగా పెట్టడం మేలు. అప్పుడు కొనాలనుకున్నవారు తమకు నచ్చిన చీర దగ్గరే ఆగి, ఆ ముక్కకే బదులు పంపగలరు, మీకూ ఏ చీర గురించి అడుగుతున్నారో వెంటనే తెలుస్తుంది. నేరుగా పంపేటప్పుడు హెచ్‌డీగానో డాక్యుమెంట్‌గానో పంపితే రంగు, నేత స్పష్టంగా కనిపిస్తాయి. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోను కుదించేయడం వల్ల సన్నని నేత అలుక్కుపోతుంది.

మూడో మనిషికి నిజంగానే పెద్ద వీడియో కావాలి. మీ ధర చూసి "ఇంత ఎందుకు" అని అడిగేది ఆమే, కారణం తెలిస్తే ఏళ్ల తరబడి మీ దగ్గరే కొనేదీ ఆమే. ఆసు పోయడంలో దారాన్ని మేకుల మీదుగా వేలసార్లు అటూ ఇటూ తిప్పే చేతి కదలికను చూసినవారికి, ఆ బాధ తీర్చడానికి తన తల్లి కోసం ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారి గురించి తెలిసినవారికి, ఈ పని వెనక ఎంత కష్టం ఉందో వేరే చెప్పక్కర్లేదు. తెలియనివారికి చూపించాలి. గీతలు గీసి గుర్తులు పెట్టడం, చిటికి కట్టడం, ఒక్కో రంగుకు మళ్లీ కట్టి మళ్లీ ముంచడం, కండెలు చుట్టడం, పడుగు (నిలువు దారాలు) ఎక్కించడం, పేకను అటూ ఇటూ నడిపే నాడె ఆడించడం, ప్రతి పేకనూ గుర్తుకు సరిగ్గా సర్దడం, ఇవన్నీ తొందర లేకుండా చూపితే పన్నెండు నిమిషాలైనా ఇరవై నిమిషాలైనా ఇష్టమున్నవారు చూస్తారు. ఇలాంటి వీడియోకు యూట్యూబ్ సరైన చోటు. ఎందుకంటే అక్కడ జనం వెతుక్కుంటూ వస్తారు, నెలల తర్వాత కూడా వస్తారు. 15 నిమిషాలు దాటిన వీడియో పెట్టాలంటే ఖాతాను ఫోన్ నంబరుతో ధ్రువీకరించుకోవాలి, అంతే. దశల పేర్లు, నిమిషాలు వివరణలో రాసి పెడితే కావలసిన చోటికి నేరుగా వెళ్లగలుగుతారు. అంత పెద్ద వీడియో అయితే మధ్యలో ప్రకటన వచ్చినా ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఆ ఎనిమిది నిమిషాల మాట అప్పుడు దానంతటదే నెరవేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం ఇంత నిడివి వద్దు. 3 నిమిషాలు దాటిన వీడియోలను కొత్తవారికి సిఫారసు చేయబోమని వారే చెబుతూ వచ్చారు.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లిష్‌లో వచ్చే సలహాల్లో నిమిషానికి ఇన్ని పదాలు అని ఒక లెక్క చెబుతారు. దాన్ని తెలుగుకు వాడకండి, మన పదాలు పొడవైనవి, విభక్తులూ క్రియలూ కలిసిపోయి ఒకే పదమవుతాయి. మీరు చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి, మీ యాసలోనే, కొనేవారితో మాట్లాడే వేగంతోనే గట్టిగా చదివి, ఫోన్‌లో సెకన్లు కొలుచుకోండి. రాసినప్పుడు ముప్పై సెకన్లనుకున్నది చదివేసరికి యాభై అవుతుంది. అప్పుడు వేగం పెంచి చదవడం కాదు, వాక్యాలు తీసేయాలి. మొదట తీసేయాల్సింది "అందరికీ నమస్కారం అండీ, మా ఛానల్‌కు స్వాగతం, ఈ రోజు వీడియోలో మనం" అనే పరిచయం. మర్యాద కోసం చేస్తున్నదే అయినా, చిన్న వీడియోలో చూడాల్సిన దృశ్యం రాకముందే మనిషి వెళ్లిపోతుంది. నమస్కారం చివర చెప్పినా మర్యాద తగ్గదు. చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కనుక తెర మీద అక్షరాలు వేయడం మంచిదే. కానీ మీ ఇంట్లో పెద్దవారు ఒకరు నిదానంగా ఒకసారి చదివేదాకా ఆ అక్షరాలు నిలవాలి, అడుగున వేస్తే పేరూ బటన్లూ వాటిని కప్పేస్తాయి. అన్ని అక్షరాలు నిలపడానికి సమయం చాలకపోతే, ఆ వీడియోలో మాటలు ఎక్కువయ్యాయని అర్థం.

"రెండో భాగంలో చూపిస్తాను" అని ఆపేయడం కూడా చాలామంది చేస్తున్నారు. దానివల్ల కొందరు పేజీలోకి వస్తారన్నది నిజమే. కానీ ఖరీదైన చీరను చూడకుండా, ముట్టుకోకుండా, మీ మాట మీద నమ్మకంతో కొనే మనిషిని అలా ఊరించడం నాకు సమ్మతం కాదు. ప్రతి వీడియో తనలో తాను పూర్తిగా ఉండాలి.

తీసిన తర్వాత కోయడానికి యూట్యూబ్ స్టూడియోలో, ఏ సెకనుకు ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే వీక్షకుల గీతను చూడండి. మొదటి మూడు సెకన్లలోనే గీత నిట్టనిలువుగా పడిపోతే మీ ప్రారంభం బాగాలేదు, నిడివికి దానితో సంబంధం లేదు, సగానికి కోసినా అలాగే పడుతుంది. మొదట నిలబడి, మధ్యలో ఒకచోట గుంట పడితే అక్కడి దృశ్యం తీసేయండి లేదా వేగం పెంచండి. చిటికి కట్టడం లాంటి గంటల పనిని వేగంగా తిప్పి చూపడం ఇందుకే, కానీ రెండు మూడు ముడులు మాత్రం అసలు వేగంతోనే చూపాలి, లేకపోతే అది చేతిపని అన్న సంగతి కనిపించదు. గీత ఒకచోట పైకి లేస్తే జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూశారన్నమాట. అది మీకు దొరికిన కొత్త వీడియో, దాన్ని విడిగా తీయండి. చివరిదాకా గీత పెద్దగా పడకుండా ఉండి, కింద ప్రశ్నలు వస్తుంటే ఆ రకం వీడియోను ఇంకొంచెం పెంచి చూడవచ్చు. ఒక వీడియోతో తేల్చకండి. ఒకే రకం చీర, ఒకే వేళ, ఒకే రకం ప్రారంభంతో రెండు నిడివుల్లో కొన్ని పెట్టి పోల్చితేనే తేడా నిడివి వల్ల వచ్చిందో, చీర రంగు వల్ల వచ్చిందో తెలుస్తుంది.

మీ దగ్గరున్న నాలుగు నిమిషాల వీడియోను పారేయనక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి అందులో రంగులోంచి తీసి కట్లు విప్పే భాగం ఉంది. దాన్ని 25 సెకన్లకు కోసి, పూర్తయిన కొంగుతో ముగించి, మూడుచోట్లా అదే పెట్టండి. చివర చీర పరిచి చూపిన భాగాన్ని విడదీసి, వెనకవైపు తిప్పి చూపే దృశ్యం ఒక్కటి కొత్తగా తీసి కలిపి, వాట్సాప్‌లో అడిగినవారికి పంపడానికి ఉంచుకోండి. మిగిలిన నేత భాగం యూట్యూబ్‌కు చాలదు. ఈసారి కొత్త పడుగు ఎక్కించే రోజు నుంచి, ఫోన్‌ను అడ్డంగా స్టాండ్‌కు పెట్టి ఒక్కో దశను రెండేసి నిమిషాలు కదపకుండా తీస్తూ వెళ్లండి. ఆ చీర దిగే నాటికి మీ పెద్ద వీడియోకు కావలసినదంతా చేతిలో ఉంటుంది. ఆ వీడియోలో మాటలు మీరు చెప్పకుండా మీ నాన్నగారిని చెప్పమనండి, పని చేస్తూనే.